నిద్రపోని కంప్యూటర్, మెట్ల మీద పెద్దాయన

నాకు రాయడం రాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చదివింది ఐదో తరగతి, అది కూడా పూర్తిగా కాదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడబడతాను. ఇంట్లో తెలుగే మాట్లాడినా మద్రాసులో పుట్టి పెరిగినవాణ్ణి, కొట్లో బిల్లు కూడా తమిళంలోనే రాస్తాను. చదివి నవ్వుకుంటే నవ్వుకోండి, మధ్యలో మాత్రం వదిలేయకండి. ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు కుదురుగా ఉండటం లేదు.

నాది వాషర్‌మెన్‌పేట్‌లో చిన్న కంప్యూటర్ రిపేరు కొట్టు. చిన్నప్పుడు ఒక పార్టుల దుకాణంలో అట్టపెట్టెలు మోసేవాణ్ణి. మోస్తూనే ఏ పార్టు ఎక్కడ బిగిస్తారో చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు చదవలేను. స్క్రీన్ మీద మాటల్ని బొమ్మల్లా గుర్తు పెట్టుకుంటాను. కొత్త మాట వస్తే ఫోనుతో ఫోటో తీసి, ఫోను చదివి వినిపిస్తే వింటాను.

పెరంబూరు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఇంట్లోనే కూర్చుని పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. ఆమెకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఒక ఖరీదైన కంపెనీ కంప్యూటర్లలోనే నడుస్తుంది. అది కొనే స్తోమత లేదు. మామూలు పార్టులతో పెట్టె కట్టి, ఆ కంపెనీ సిస్టమ్‌ను అందులో ఎక్కించవచ్చు. దాన్ని హ్యాకింతోష్ అంటారు. కంపెనీ ఒప్పుకునే పని కాదు. అంతకు ముందు నేను ఒక్కటంటే ఒక్కటే కట్టాను. అయినా "చేసిస్తానమ్మా" అనేశాను.

ఇచ్చిన వారానికి ఫోను వచ్చింది.

"అన్నా, నీ పెట్టె నన్ను ఏడిపిస్తా ఉండాది. టీ తాగి వచ్చేలోగా నిద్రపోతాది, సరే. లేపితే స్క్రీను నల్లగానే ఉంటాది. ఫ్యాను మాత్రం గిర్రున తిరగతా ఉంటాది. పొద్దుటి నించి చేసిందంతా పోయిందన్నా!"

కాసేపు ఎవరూ వాడకపోతే కంప్యూటర్ తెర ఆర్పుకుని, ఫ్యాన్లు ఆపుకుని ఉంటుంది. చేస్తున్న పని అలాగే ఉంటుంది. దాన్నే స్లీప్ అంటాం. హ్యాకింతోష్‌లో ఎక్కువ తిప్పలు పెట్టేది అదే. రెండు రోజులు ఆమె ఇంట్లో నేల మీద కూర్చున్నాను. ఒక్కొక్క యుఎస్‌బీ రంధ్రంలో పెన్ డ్రైవ్ పెట్టి తీసి, ఏది ఏ నంబరో కాగితం మీద రాసుకుని, అక్కర్లేనివన్నీ సెట్టింగుల్లో మూసేశాను. నల్ల తెర జబ్బు పోయింది. స్కూటర్ మీద ఇంటికి వస్తూ నాలో నేనే నవ్వుకున్నాను.

ఆ నవ్వు మూడు రోజులు కూడా ఉండలేదు. ఈసారి కంప్యూటర్ నిద్రపోతుంది, కానీ ఎవరూ లేపకుండానే లేస్తుంది. ఆమె వంటింట్లో ఉన్నప్పుడు లేచింది. ఆ తర్వాత కరెంటు పోయింది. స్లీప్‌లో ఉంటే యూపీఎస్ గంటలకొద్దీ ఆగేది, మేలుకుని ఉంది కాబట్టి కాసేపట్లో అయిపోయి మొత్తం ఆరిపోయింది. పెళ్లి ఫైలు పాడైంది. ఇంకోసారి ఇట్లా ఆలస్యమైతే పని వేరేవాళ్లకిస్తామని స్టూడియోవాళ్లు అన్నారట.

నాకు కాలు నిలవలేదు. ర్యామ్ మార్చాను. కేబుల్ మార్చాను. మౌస్ మార్చాను. కొట్లో వేరేవాళ్ల పని ముందు పెట్టుకుని కూర్చున్నా బుర్ర పెరంబూరులోనే ఉండేది. అన్నం తింటూ రిపేరు వీడియోలు చూసేవాణ్ణి, తిన్నదేమిటో తెలిసేది కాదు. ఆమె ఇంటికి వెళ్లి గంటసేపు ఆ పెట్టె ముందు కదలకుండా కూర్చుంటే అది కూడా కదలకుండా నిద్రపోయింది. నేను ఇల్లు చేరేసరికి "లేచిందన్నా" అని ఫోను.

కంప్యూటర్ ఉన్న గదిలోనే ఆమె మామగారి మంచం ఉంది. రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. ఆ ఇంట్లో గాలి వచ్చే కిటికీ అదొక్కటే. ఆయన రోజంతా దాని పక్కన పేపరు చదువుకుంటూ ఉండేవాడు.

మరుసటి సారి వెళ్లినప్పుడు ఆమె గట్టిగానే అడిగింది. "ఏందన్నా ఇది? నీకు చాతకాకపోతే ముందే చెప్పుండొచ్చు కదా?"

చాతకాకపోవడం అనే మాట నాకు ఎక్కడో తగిలింది. చదువుకోనివాణ్ణి కదా. నోటికి వచ్చింది అనేశాను.

"పెట్టెలో ఏ తప్పూ లేదమ్మా. ఎవరో చేయి పెడతా ఉండారు."

ఆమె తల తిప్పి మంచం వైపు చూసింది. పెద్దాయన పేపరు దించాడు.

"నేను ముట్టలేదే."

"మొన్న మౌస్ తుడిచినారు గదా మామా?"

"దుమ్ముండాదని తుడిచినా. ఒక్కసారి."

"ఒక్కసారి!" అంది ఆమె నావైపు చూసి. నేను తల ఊపాను. నిజంగా ఊపాను.

ఆ తర్వాత వారం పైగా ఫోను రాలేదు. తర్వాత తనే పిలిచి, ఇంకో డిస్క్ బిగించాలి రమ్మంది. వెళితే పెద్దాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో పేపరు. బనియన్ వీపుకు అతుక్కుపోయింది.

"ఏం పెద్దాయనా, ఈడ కూర్చున్నారు?"

"గాలి బాగుండాది తంబీ ఈడ."

మెట్ల మీద గాలి అనేదే లేదు. పైకి పోయేవాళ్లు, కిందికి దిగేవాళ్లు అందరూ ఆయన్ని దాటుకునే పోవాలి. అందరికీ అదే చెబుతున్నాడేమో అనిపించింది. లోపల కంప్యూటర్ గది తలుపుకు కొత్త తాళం కనబడింది. ఆమె తాళం తీసి నన్ను లోపల వదిలి వంటింట్లోకి వెళ్లింది.

డిస్క్ బిగించే ముందు ఒకసారి స్లీప్ చూద్దామని కంప్యూటర్‌ను నిద్రపుచ్చాను. అది ఆగింది. పక్క రేకు స్క్రూ మీద స్క్రూడ్రైవర్ ఆనించానో లేదో ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. మళ్లీ నిద్రపుచ్చి పెట్టె మీద అరచేత్తో మెల్లగా తట్టాను. మళ్లీ లేచింది.

ముందు వైపు పవర్ బటన్ మీద వేలు పెట్టి చూశాను. నొక్కితే లోపలికి పోతోంది, తిరిగి పైకి పూర్తిగా రావడం లేదు. దాని చుట్టూ సందులో పచ్చగా ఏదో గట్టిపడి ఉంది. గోటితో గీకాను. గంధం.

అది నేను పెట్టిందే. ఏ కొత్త కంప్యూటర్ ఇచ్చినా గంధం, కుంకుమ పెట్టి, కర్పూరం చూపించి ఇవ్వడం నా అలవాటు. బటన్ నుదుటి మాదిరి పైన మధ్యలో ఉంటుంది కాబట్టి బొట్టు దానికే పెడతాను. ఆ రోజు పన్నీరు ఎక్కువై గంధం పలచనైంది, సందులోకి దిగి ఎండిపోయింది. మామూలు పెట్టెలకు బటన్ పెద్దగా, వదులుగా ఉంటుంది, రోజూ నొక్కుతారు. ఈ పెట్టెకు సన్నటి బటన్. ఆమె కీబోర్డుతోనే లేపుతుంది, దాన్ని ఎప్పుడో గానీ ముట్టుకోదు. సగం నొక్కుకుపోయి ఉన్న బటన్‌కు, పక్కన ఎవరైనా నడిచి కొంచెం అదురు తగిలినా చాలు, పెట్టె లేస్తుంది. ఈ వారం పైగా ఎందుకు లేవలేదో నాకు తెలియదు. తాళం వేసిన గదిలో ఎవరూ తిరగక అదురు తగల్లేదేమో.

ముందు ప్యానెల్ ఊడదీసి, దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాను. బటన్ టక్కున పైకి వచ్చింది. డిస్క్ బిగించి, నిద్రపుచ్చి, పెట్టె మీద కొట్టాను, నేల మీద కాలితో తన్నాను. లేవలేదు.

ఆమె కాఫీ తెచ్చింది. "ఏంది, దబదబా శబ్దం?"

"చిన్న సెట్టింగు అమ్మా, సరిచేసినా. ఇంక దానంతట అది లేవదు. పెద్దాయన్ని లోపలికి రమ్మనొచ్చు."

"ఎందుకన్నా? ఆయన ఆడికి అలవాటు పడినాడు. లోపలికొస్తే మళ్లీ ముడతాడు. లైటు ఎలిగేదేదన్నా కనపడితే ఆయన చేయి ఊరికే ఉండదు." నవ్వి మళ్లీ అంది, "నా స్నేహితురాళ్లు ఇద్దరు ఇట్లాంటిదే కావాలంటా ఉండారు. నీ నంబరు ఇచ్చినా."

కాఫీ అక్కడే పెట్టేశాను. సంచి తగిలించుకుని బయటికి వచ్చాను. పెద్దాయన కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చాడు.

"బాగైందా తంబీ?"

నాలుగు మెట్లు దిగాను. ఐదో మెట్టు మీద నిలబడిపోయాను. మళ్లీ ఎక్కి, ఆమెను గుమ్మంలోకి పిలిచాను. జేబులోంచి పచ్చబడ్డ దూది తీసి చూపించాను.

"తప్పు నాదమ్మా. బొట్టు నేనే పెట్టినా. బటన్ అతుక్కుపోయింది. ఎవరూ ముట్టలేదు. పెద్దాయనా, మీరు ముట్టలేదు. నన్ను మన్నించండి."

ఆమె దూది వైపు చూసింది. "నువ్వు చెప్పబట్టే గదన్నా నేను..." అని ఆగిపోయింది.

పెద్దాయన చేయి చాపి దూది తీసుకుని వాసన చూశాడు.

"ఆయుధపూజకి మేమూ మిషన్లకి పెట్టినాం. కదిలే దాని మీద పెడతార్రా ఎవరన్నా? ఎవరు నేర్పించినారు నీకు?"

"ఎవరూ నేర్పించలేదు పెద్దాయనా."

"కనపడతా ఉండాది."

"మామా, లోపలికి రండి. కాఫీ ఆరిపోతాది," అంది ఆమె.

"ఈడికే తే."

తెచ్చింది. ఆయన లేవలేదు. ఆమె లోపలికి పోలేదు, పక్క మెట్టు మీద కూర్చుంది. నేను ఇద్దరినీ దాటి దిగి వచ్చేశాను.

స్నేహితురాళ్లెవరూ ఫోను చేయలేదు. పది రోజులు చూసి నేనే ఆమెకు చేశాను. కంప్యూటర్ బాగా నిద్రపోతోందట. పెద్దాయన గురించి ఎలా అడగాలా అనుకుంటుంటే, ఫోనులో ఆమె గొంతు వెనక, బాగా దగ్గరగా, ఆయన గొంతు వినిపించింది.

"ఎవరు? ఆ బొట్టు మేస్త్రీనా? నేనేమీ ముట్టలేదని చెప్పమ్మా."

ఆయన నవ్వుతూ అన్నాడో, మనసులో పెట్టుకుని అన్నాడో నాకు తెలియలేదు. గదిలోనే ఉన్నాడని మాత్రం తెలిసింది.

ఆ తప్పుకు మన్నించమని అడగవలసింది ఆయన్ని. అడిగేశాను. ఇక్కడ రాతలో దొర్లినవి మాత్రం మీ ముందున్నాయి. ఎక్కడ అక్షరం తప్పుంటే అక్కడ మీరే దిద్దుకుని చదువుకోండి, నన్ను మన్నించండి.