ఎలుక ఎట్లున్నదని అడిగే మరిది

అందరూ బాగున్నారా? చిట్యాలలో ఉన్న మా పెద్దాడపడుచు మోకాలు కాస్త వంగుతోందా? హుజూర్‌నగర్ చెల్లెలు బీపీ మాత్ర నీళ్లతో వేసుకుంటోందా, మునుపటిలాగే చాయతో మింగుతోందా? మహబూబ్‌నగర్ కోడలి బిడ్డకు దగ్గు తగ్గిందా? ఇది చదివే మిగతావాళ్ల పేర్లు నాకు తెలియవు. మీరూ చల్లగా ఉండండి, ఎండలో తిరగకండి.

ఇలా వరసగా అందరినీ అడగడం నా మరిది అలవాటు. పోయిన సోమవారం పొద్దున సికింద్రాబాదులో ఆయన కన్నుమూశాడు. చాయ కప్పు కింద పెట్టి, మళ్లీ అందుకోలేదట. ఆయన దగ్గర సంగీతం నేర్చుకున్న ఒకాయన ఫోన్ చేసి చెప్పాడు. చాయలో చక్కెర ఎక్కువైందా అని అడిగాను. ఆ సమయంలో అదేం మాటని మీరు అనుకోవచ్చు. నా నోటికి భయమే ముందు వస్తుంది.

ఉత్తరాల్లో కూడా మరిది ఇంటిల్లిపాది ఆరోగ్యం అడిగి, చివర ఒక ముక్క రాసేవాడు: "వదినె, ఎలుక ఎట్లున్నది?" అందరూ నవ్వేవారు. నేను మాత్రం ఉత్తరం మడిచి బియ్యం డబ్బా కింద దాచేదాన్ని. ఆ ఎలుక సంగతి ఇవాళ చెప్పేస్తాను. చెప్పకుండానే నేనూ పోతానేమోనని దిగులుగా ఉంది. మూడో తరగతి చదువు నాది, తప్పులుంటే దిద్దుకోండి.

నేను కాపురానికి వచ్చేనాటికి మాకు పెద్ద గొర్ల మంద. మరిది పిల్లనగ్రోవి ఊది మందను పిలిచేవాడు. రోజుకో తీరుగా ఊదేవాడు. నిన్నటిదే ఊదొచ్చు కదా అంటే, "నువ్వు రోజూ ఒక్కటే కూర వండితే మేం తింటమా వదినె? గొర్లకు చెవులు లెవ్వా?" అనేవాడు. ఏటా ఎండలు ముదరక ముందే మా మామ ఆ పిల్లనగ్రోవికి ఆముదం పట్టించేవాడు. లేకుంటే వెదురు పగులుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి.

తర్వాత పాలమూరు పెండ్లి బ్యాండులో చేరి క్లారినెట్ నేర్చుకున్నాడు. బుగ్గలు ఉబ్బించి ఊదుతుంటే ఊపిరితిత్తులు ఎప్పుడు పగులుతాయోనని నాకు అన్నం సహించేది కాదు. పోరి పోరి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి విని, నావైపు తిరిగాడు.

"గీ పిలగానికి ఎద్దు లెక్క దమ్మున్నది. దడదడ కొట్టుకుంటాంది నీ గుండెనే. నువ్ కూసో, నిన్ను చూస్త."

మందు సీసాతో ఇంటికి వచ్చింది నేనే. దారి పొడుగునా మరిది నవ్వుతూనే ఉన్నాడు.

కొన్నేళ్లకు సికింద్రాబాదులో ఒక హోటలు బ్యాండుకు క్లారినెట్ ఊదే మనిషి కావాలని కబురు వచ్చింది. ముందు వాయించి చూపించాలి. మామకు ఇష్టం లేదు.

"పోయి రా. వాళ్లు తీసుకోకపోతే గా నల్లగొట్టం ఎవలిదో వాళ్లకిచ్చి సక్కగ మంద ఎనుక నడువు. మల్ల దాని పేరెత్తొద్దు."

"గట్లనే బాపు," అన్నాడు మరిది. అంత చిన్న గొంతుతో మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. పెండ్లి బ్యాండు మేస్త్రి నేర్పిన ఒకే పాటను వారం రోజులు తప్పు లేకుండా సాధన చేశాడు.

ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం క్షవరానికి వెళ్లాడు. క్లారినెట్ మూతికి రీడు అని వెదురులాంటి పల్చటి బద్ద కడతారు. అది అదిరితేనే పాట. ఆయన దగ్గర మంచిది ఒక్కటే ఉంది. నేను పెట్టె తీసి చూస్తే అది ఎండి, అంచు తెల్లగా కనిపించింది. పట్నంలో ఊదుతుండగా పేడు లేచి గొంతులో గుచ్చుకుంటే? అక్కడ మనవాళ్లెవరున్నారు? గిన్నెలో ఆముదం పోసి, సాయంత్రం దాకా నానబెట్టి, కొంగుతో తుడిచి పెట్టెలో పెట్టేశాను. మంచిపనే చేశాననుకుని ఆ రోజు కడుపునిండా తిన్నాను.

మూడో రోజు తిరిగొచ్చాడు. అందరం చుట్టూ కూర్చున్నాం.

"క్లారినెట్ నోట్ల పెట్టుకుని ఊదిన. బుస్సుమన్నది, పాము లెక్క. మల్ల ఊదిన. మల్ల బుస్సే. గోవా నుంచొచ్చిన మేస్త్రి, తెల్లకోటు ఏసుకున్నడు, గడియారం చూస్తాండు. ఇగ పనైపోయిందనుకున్న. సంచిల పిల్లనగ్రోవి ఉంటె తీసి, మందను పిలిచినట్టు ఊదిన. మల్లొక్కసారి గదే ఊదుమన్నడు. వేరే తీరుగ ఊదిన. 'ఫస్టుది ఎందుకు ఊదలే?' అన్నడు. 'ఒక్కటే తీరుగ పిలిస్తె గొర్లు రావు దొరా' అన్న. పకపక నవ్వి పియానో ముంగట కూసుండు. నేనొకటి అంటె ఆయనొకటి అంటాండు. గట్ల శానసేపు. 'నువ్వు ఊదేదే జాజ్, ఎవలు నేర్పిండ్రు?' అన్నడు. 'గొర్లు' అన్న. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నడు!"

మామ మీసం నవ్వింది. వెంటనే మొహం సర్దుకుని అడిగాడు, "మరి గా నల్లగొట్టానికేమైంది?"

నేను చేతులు కొంగులో దాచుకున్నాను. ఇల్లంతా ఆముదం వాసనేనని నాకు అనుమానం. మరిది నావైపు ఒక్కసారి చూశాడు.

"రీడును ఎలుక కొరికింది బాపు."

అంతే. చచ్చేదాకా ఎవరు అడిగినా ఎలుకే. తర్వాత శాక్సఫోన్ కూడా నేర్చుకున్నాడు. మొదటిసారి ఊరికి తెచ్చినప్పుడు ఆ వంకర ఇత్తడిని చూసి, ఇందులో నీళ్లెక్కడ పోస్తారని అడిగాను, హుక్కా అనుకుని. ఊదగానే పొట్టేలు కట్టు తెంపుకుని ఆయన మీదికే వచ్చింది. ఊదడం ఆపకుండానే మంచం ఎక్కాడు మరిది. "గీ జాజ్ పాట కాగితం మీద ఉండదు వదినె," అనేవాడు. "ఎదుటోడు ఏమన్నడో ఇని జవాబు చెప్పాలె."

నాకు మాత్రం జవాబు చెప్పడం చేతకాలేదు. ఎలుక ఎట్లున్నదని ఎన్నిసార్లు అడిగాడో, అన్నిసార్లూ పొయ్యివైపు తిరిగాను.

నిన్న ఆ శిష్యుడు మళ్లీ ఫోన్ చేశాడు. "అమ్మా, సార్ శాక్సఫోన్ పెట్టెలో చిన్న డబ్బీ ఉంది. అందులో నల్లగా, జిడ్డుగా పాత రీడు. మమ్మల్ని ముట్టనిచ్చేవారు కాదు. ఏం చేయమంటారు?"

"తీసుకురా నాయనా," అన్నాను. "డబ్బీ మూత గట్టిగా పెట్టు. బస్సుల ఎక్కడన్న పడిపోతది."

మరిదీ, ఎలుక బాగానే ఉంది. మోకాళ్లే నొప్పి, గుండె దడ ఎప్పటిదే. ఆ అబ్బాయి శాక్సఫోన్ కూడా తెస్తున్నాడు. మా మనవడి మంద దగ్గర నిలబడి ఊదుతాడట. గొర్లు తల ఎత్తుతాయో, మేస్తూనే ఉంటాయోనని నాకు ఇప్పటినుంచే దిగులు. ఇది చదివే మీరూ మా ఊరికి రండి, గొడుగులు తెచ్చుకోండి. వచ్చే గురువారం, పొద్దున పది గంటల బస్సుకు.