ముందు వచ్చినవాళ్ల పాలు

మా ఊరి ఆడవాళ్ల పాల సంఘానికి నేను సెక్రెటరీని. పొద్దున ఆరింటికి తలుపు తీసి, వచ్చిన పాలు వడకట్టి, కొలిచి, పెద్ద క్యాన్లలో పోయడం నా పని. చుట్టుపక్కల పొలాలు సోలార్ పలకల కిందికి పోయాక ఊళ్లో పశువులు తగ్గాయి గానీ నా హోదా మాత్రం తగ్గలేదు. బీకాం రెండో సంవత్సరం దాకా చదివినదాన్ని. శుభ్రత గురించి అడిగినవాళ్లకు చెప్పేదాన్ని, అడగనివాళ్లకు ఇంకాస్త ఎక్కువ చెప్పేదాన్ని.

ఆ ఎండాకాలం మా ఊరి పాలు డెయిరీ నుంచి రెండుసార్లు తిరిగొచ్చాయి. వాటిలో బ్యాక్టీరియా ఉండాల్సినదానికంటే ఎక్కువుందట. సూపర్‌వైజర్ వచ్చి కొన్ని గాజు గొట్టాలు, ఒక సీసాలో నీలం మందు నా చేతిలో పెట్టాడు.

"ఒక్కొక్కరి పాలల్లో రెండు చుక్కలు వెయ్యమ్మా. క్రిములెక్కువుంటే నీలం బిరీన పోయి తెల్లగయితాయి. ఎవరివో కనిపెట్టకుంటే ఈ ఊరికి బండి నిలిపేస్తాము" అన్నాడు.

నిజానికి నాకు పరీక్షే అక్కర్లేదు. దోషి ఎవరో ముందే తెలుసు. రోజూ అందరికంటే ముందు వచ్చే అవ్వ ఒకామె ఉంది. ఆమె పాలచెంబును ఎప్పుడూ పూర్తిగా వంచదు. చెంబు ఖాళీ అయితే లక్ష్మి పోతుందని అడుగున గుక్కెడు పాలు ఉంచుకుంటుంది. ఆ గుక్కెడులోనే క్రిములన్నీ కాపురం పెట్టాయని నా నమ్మకం.

మరునాడు అందరి పాలు వడకట్టి, ఎవరివి వారివిగా కాస్త కాస్త గొట్టాల్లో పోశాను. గంట తిరక్కముందే అవ్వ గొట్టం తెల్లబడింది. మిగతావి నీలంగానే ఉన్నాయి. మూడు రోజులు వరుసగా అదే జరిగింది. శాస్త్రం నా పక్షాన నిలిచినందుకు నేను పొంగిపోయాను.

నాలుగోనాడు వరుసలో అందరూ వింటుండగా అవ్వ చెంబును వెనక్కి తోశాను.

"నీ పాలు వద్దవ్వా. ఊరందర్నీ ముంచుతాండావు."

"నేనేం చేస్తినే పాపా?"

"చెంబు సరిగ్గా కడగవు. లక్ష్మి లక్ష్మి అని క్రిముల్ని సాకుతాండావు."

అవ్వ చెంబును దగ్గరికి లాక్కుంది. "పొలం సోలారోళ్లకిస్తిమి. బాడుగ ఇస్తారు గానీ, పొద్దున్నే లేసేదానికి పని ఇస్తారా? నాకు ఈ ఆవొక్కటే ఉండాది" అంది. జాలేసింది. కానీ నీలం మందుకు జాలి ఉండదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

మరునాడు అందరికంటే ముందు పోసినవి మా ఇంటి పాలు. గంటలో తెల్లబడ్డాయి. వెంటనే నాకు మందు మీద అనుమానం వచ్చింది. పాతదేమో, ఎండకు చెడిందేమో అనుకున్నాను. అవ్వ విషయంలో రాని అనుమానాలన్నీ మా ఆవు దగ్గరికొచ్చేసరికి బారులు తీరాయి. అత్త చేత చెంబును వేడినీళ్లతో కడిగించి, దగ్గరుండి పాలు పిండించాను. మళ్లీ తెల్లబడ్డాయి. ఆ తర్వాతి రోజు పంతం కొద్దీ మా పాలను అందరి తర్వాత పోశాను. మావి నీలంగా నిలిచాయి. ముందు వచ్చిన పక్కింటావిడవి తెల్లబడ్డాయి.

అంటే ఎవరు ముందొస్తే వాళ్ల పాలు చెడుతున్నాయి. అప్పుడు గానీ నా చేతిలోని వడకట్టే గుడ్డ వైపు చూడలేదు.

అది సోలార్ పలకలు తుడిచే మెత్తటి గుడ్డ. అక్కడ పనిచేసే మా మరిది కొత్తది తెచ్చిచ్చాడు. అంతకుముందు వాడే పాత చీరముక్క నామోషీగా ఉందని, ఆ ఎండాకాలం మొదట్లో దాన్ని పారేసి దీన్ని పెట్టాను. గుడ్డ మందం కాబట్టి పాలు నిదానంగా దిగేవి. ఎంత నిదానమైతే అంత శుభ్రం అనుకున్నాను. సాయంత్రం పాలు కూడా వడకట్టాక చన్నీళ్లలో జాడించి తలుపు వెనక మడిచి వేసేదాన్ని. అది తెల్లారేదాకా ఆరేది కాదు. అందులో పుట్టిందంతా పొద్దున్నే మొదట పోసిన పాలలోకి దిగేది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కంపు కొట్టింది.

అప్పటికప్పుడు అవ్వ ఇంటికి వెళ్లాను. కొట్టంలో ఆవు లేదు. నిడుగల్లు నుంచి చుట్టాలొచ్చి ముందురోజే తోలుకుపోయారట.

"నువ్వు సదువుకున్నదానివి, నీ మాట తప్పయితాదా అనుకొని ఇచ్చేస్తి. ఊరందరి పాలు సెడగొడితినే అని సిగ్గయ్యింది" అంది అవ్వ.

గుడ్డ సంగతంతా చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

అవ్వ ఖాళీ కొట్టం వైపు తిరిగింది.

"అయితే నా ఆవు పాలు మంచివేనా?"

"మంచివే అవ్వా."

"ఆ మాట ఈడ నాకు చెప్తే ఏమొస్తాది? అందరి ముందర అంటివి కదా. వీధిలోకి పోయి చెప్పు."

బయటికొచ్చాను. ఎదురింటి అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. "అవ్వ ఆవు పాలు మంచివి. చెడగొట్టింది నేను" అన్నాను.

"ఇంగా గట్టిగా" అంది అవ్వ లోపల్నుంచి.