చెనిక్కాయల కొట్టానికి ప్లాస్టిక్ పట్ట

మొన్న చంద్రగిరిలో ఒక అంగడి ముందు చుట్టలు చుట్టి నిలబెట్టిన ప్లాస్టిక్ పట్టలు చూసి కాసేపు అక్కడే ఆగిపోయినాను. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, డెబ్భైల చివర్లో ప్లాస్టిక్కు కొత్తల్లుడి హోదా; మర్యాద చేసేవాళ్లే గాని నమ్మేవాళ్లు కాదు. మా ఇంట్లో దానికి కారణమూ ఉంది. కొత్త ప్లాస్టిక్ బకెట్లో మా అమ్మ కాగే నీళ్లు వంపితే అది వినయంగా వంగి కూర్చుంది.

ఆ ఏడు ధర లేదని నాయన చెనిక్కాయలన్నీ, అదే వేరుశనగకాయలన్నీ, అమ్మకుండా తోటలోని కొట్టంలో పోసిపెట్టినాడు. తిరుపతిలో నా ఆఖరి ఏడాది చదువు ఆ కుప్పలోనే ఉంది. కొట్టానికి చెరకాకు కప్పు. ఒక మూల నుంచి ఆకాశం కనిపించేది. తడిస్తే కాయలు మొలకెత్తుతాయి, నేను చదువు మాని మడక పట్టి దున్నాల్సి వస్తుంది. వ్యవసాయం మీద నాకున్న గౌరవం దూరం నుంచే కాబట్టి, తిరుపతిలో ఒక నల్ల పట్ట కొని బస్సులో మోసుకొచ్చినాను.

"చెనిక్కాయలకు రెయిన్‌కోటు తెచ్చినావా అప్పా" అన్నాడు నాయన. కాదనలేదు గాని, కొట్టం కప్పు మీద పరిచినాక దోవలోకి పోయి నిలబడి చూసి, ఇట్లా మెరుస్తా ఉంటే పొయ్యేవాళ్లు నవ్వుతారని, సిగ్గుకొద్దీ దాని మీద మళ్లీ చెరకాకు మందంగా కప్పించినాడు.

కార్తీకంలో ముసురు పట్టింది. వంక పొంగి తోటకు దోవ లేకుండా పోయింది. ఇంట్లో ఎవరూ చెనిక్కాయల మాట ఎత్తలేదు. అమ్మ వాటిని చట్నీలో వెయ్యడం కూడా మానేసింది.

వాన వెలిసినాక పోయి చూస్తే, నన్ను చూసి పట్ట కొన్న పక్కతోట పెదనాయన కొట్టం బోడిగా ఉంది, పట్ట గాలికి లేచి చింతచెట్టెక్కింది. మాది ఆకు బరువు కింద అణిగి కదలకుండా ఉంది. నాయన కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించినాడు. ఎండుగా గలగలమంది. నేనూ ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నాను.

"ఆకు బాగా కప్పినాం" అన్నాడు.

"పట్ట కూడా ఉండాది నాయనా."

"ఉండాదిలే, ఆకుకు తోడుగా."

మరుసటేడు ఆయనే పట్ట కొన్నాడు, ఆకుచెత్త రాలకుండా అని చెప్పి.

ఇప్పుడు వాన మొదలైతే కిటికీలు మూసి పడుకుంటాను. సుఖమే, కాదనను. వెలిసినాక పరుగెత్తిపోయి చూసుకోవాల్సింది ఏదీ లేదు గనక, ఏమీ కాలేదులే అన్న ఆ నిమ్మళమూ ఇప్పుడు దొరకదు.