శుక్రవారం వదిలేసిన బస్సు

ఆ రోజుల్లో ఎవరైనా "దుబాయ్‌ల ఏం జూసినవ్?" అని అడిగితే, బస్సులు చూశానని చెప్పేవాణ్ణి. (మరీ పాతకాలం కాదు, మాస్కులు మూతుల మీంచి అప్పుడప్పుడే గడ్డాల కిందికి దిగుతున్న రోజులు.) అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు గానీ, నేను నవ్వించడానికి చెప్పిన మాట కాదది. అల్ ఖూజ్‌లో ఒక అల్యూమినియం వర్క్‌షాపులో హెల్పర్‌ని. సెలవు రోజున మిగతావాళ్ళు బట్టలు ఉతుక్కుని, కూర వండుకుని, ఇళ్ళకు ఫోన్లు చేసుకుంటుంటే, నేను మాత్రం బస్సు కార్డు జేబులో వేసుకుని మా లేబర్ క్యాంపు ముందున్న స్టాపుకు వెళ్ళి, వచ్చిన బస్సు ఎక్కి, అది ఆగిపోయే చివరి స్టాపు దాకా పోయి, మళ్ళీ అదే బస్సులో తిరిగొచ్చేవాణ్ణి. ఆడవాళ్ళ సీట్ల వెనక కుడివైపు మొదటి కిటికీ నాది. అక్కణ్ణుంచి డ్రైవరు చేతులు కొంచెం కనబడతాయి. నడుమ మడతల జాయింటుండే పొడుగు బస్సు మలుపు తిరిగేటప్పుడు ఆ జాయింటు దగ్గర నేలలో తిరిగే గుండ్రటి పళ్ళెం మీద నిలబడితే నాకు జాతరలో రంగులరాట్నం ఎక్కినట్టుండేది. కళ్ళు మూసుకుని, బ్రేకు వదిలిన గాలి చప్పుడు విని, అది ఏ రకం బస్సో చెప్పేవాణ్ణి. క్యాంపులో నా అసలు పేరు పోయి 'టైంటేబుల్' మిగిలింది.

మా గదిలో కింది మంచం మామది. నాకు చుట్టమేమీ కాదు. మా పక్క మండలం మనిషి, యాభై దాటిన వెల్డరు, క్యాంపులో తెలుగువాళ్ళందరికీ మామే. నేను తిరిగొచ్చి బూట్లు విప్పుతుంటే పడుకునే అడిగేవాడు.

"ఏడికి పోయినవ్ రా?"

"ఏడికీ పోలే మామా. పోయొచ్చిన."

"ఏడన్న దిగినవా?"

"దిగలే."

"మరి గంత దూరం ఎందుకు పోయినవ్ రా, పిచ్చోడా!" అని కడుపు పట్టుకుని నవ్వేవాడు. ఆయన నవ్వితే ఇనుప మంచం మొత్తం ఊగేది, పై మంచంలో నేనూ ఊగేవాణ్ణి.

ఒక బుధవారం పొద్దున ఆయన లేవలేదు. బయట కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. "మామా, యల్లా, లే" అని కాలు పట్టుకుని ఊపాను. కాలు చల్లగా, కర్రలా ఉంది. ఏసీ ఎక్కువైందేమో అనుకుని దుప్పటి సర్ది కప్పి, మళ్ళీ పిలిచాను. చచ్చిపోయిన మనిషికి చలి పెడుతోందేమో అనుకున్న తెలివి నాది.

పోలీసులొచ్చి తీసుకెళ్ళారు. గుండె ఆగిందని రాశారు. రాస్ అల్ ఖైమాలో కంకర క్వారీలో పనిచేసే ఆయన బావమరిది సాయంత్రానికి దిగాడు. ఊళ్ళో ఉన్న అక్కకు, అంటే మామ భార్యకు, ఫోన్ చేసి చెప్పే పని అతనిదే అయింది. మా కంపెనీ ఆఫీసులో కాగితాలు చూసే మలయాళీ పెద్దాయన రెండు రోజులు తిండి మానుకుని తిరిగాడు. శుక్రవారం రాత్రి విమానంలో మామను పంపవచ్చని ఆయన అంటే, శనివారం పొద్దుటికల్లా ఇంటికొస్తాడని బావమరిది అక్కకు మాటిచ్చాడు.

శుక్రవారం పొద్దుటికి ఒకే ఒక్క కాగితం మిగిలింది. బర్ దుబాయ్ వైపు ఒక ఆఫీసులో దాని మీద ముద్ర వేయిస్తేనే శవాన్ని వదులుతారు. ఆ రోజు కౌంటరు పన్నెండింటికే మూస్తారు, తర్వాత రెండు రోజులు సెలవు. పెద్దాయన పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాలి. బావమరిది మార్చురీ దగ్గర ఉండాలి. కవరు నా చేతికొచ్చింది. పెద్దాయన టాక్సీకి డబ్బులు కూడా తీశాడు.

"టాక్సీ లేలో. టైం మత్ ఖోనా," అన్నాడు.

"టాక్సీ క్యోం సాబ్? బస్ హై నా. గ్యారా బజే పహుంచ్ జాయేగా."

"పక్కా?"

"పక్కా సాబ్," అన్నాను, పదకొండింటికల్లా అక్కడ ఉంటానని ఛాతీ విరుచుకుని. నా విద్యకు మొదటిసారి ఒక పని దొరికింది కదా.

తొమ్మిది నలభైకి నాకు కావలసిన బస్సు వచ్చి నా ముందే తలుపు తెరిచింది. పాత బండి. నేను ఎన్నోసార్లు ఎక్కింది, వెనక సీటు కింద ఏదో గలగలమంటూ ఉంటుంది. నా కాలు కదలలేదు. ముందురోజే మా బస్సు పిచ్చివాళ్ళ ఫోన్ గ్రూపులో ఒక ఫిలిప్పీన్స్ మిత్రుడు ఫొటో పెట్టాడు: ఈ రూటులోకి కొత్త రెండంతస్తుల బస్సు దిగింది. దాని వేళ పది. ఇరవై నిమిషాలే కదా అనుకున్నాను. "ఆవో భాయ్," అన్నాడు డ్రైవరు. చంకలో మామ కవరు పెట్టుకుని, ఆ బస్సును చెయ్యూపి పంపించేశాను.

కొత్తది పదీ ఐదుకు వచ్చింది. లోపల ఇంకా ప్లాస్టిక్ వాసన పోలేదు. మెట్లెక్కి పైన అద్దం ముందు సీట్లో కూర్చున్నాను. ఖర్జూరపు చెట్లూ, సిగ్నళ్ళూ, కార్ల నడినెత్తులూ నా మోకాళ్ళ కిందనుంచి పోతున్నాయి. వీడియో తీశాను. గేరు మారే చప్పుడు విడిగా రికార్డు చేశాను. గ్రూపులో పెడితే అందరూ బొటనవేళ్ళు చూపించారు. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, బుధవారం నుంచి మొదటిసారి నాకు సంతోషంగా ఉంది.

తల ఎత్తేసరికి ఎదురుగా నీళ్ళున్నాయి. నేను దిగవలసిన స్టాపు ఎప్పుడో వెళ్ళిపోయింది, బస్సు వంతెనెక్కి, ఊరి నడుమ ఉన్న క్రీక్ అనే ఉప్పునీటి పాయ దాటుతోంది. వంతెన మీద బస్సు ఆగదు. నేను మెట్లమీద నిలబడి గంట నొక్కుతూనే ఉన్నాను. అవతల దిగి, తిరుగు బస్సు కోసం నిలబడి, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. టాక్సీ డబ్బులు వద్దన్న మొనగాణ్ణి కదా, జేబులో బస్సు కార్డు తప్ప ఏమీ లేదు. చివరి మైలు ఎండలో పరుగెత్తాను. పన్నెండూ ఎనిమిదికి చేరాను. షట్టరు దించి ఉంది.

వాచ్‌మన్ కడప మనిషి. నా యాస విని తెలుగులోకి దిగాడు. "ఖలాస్ అన్నా. ఇంక సోమవారమే."

"శవం కాయితం అన్నా ఇది. రాత్రికి విమానం ఉన్నది."

"తెలుస్తాంది. కానీ లోపల ఎవురూ లేరు. జుమ్మా నమాజుకు పోయినారు." కుర్చీ జరిపి, నీళ్ళ సీసా నా చేతికిచ్చాడు. తాగలేకపోయాను.

బావమరిదికి ఫోన్ చేశాను. "ట్రాఫిక్ అన్నా. ఎండల ఉరికొచ్చిన గని మూసిన్రు," అన్నాను. మొదటి మాట అబద్ధం.

"నువ్వేం జేస్తవ్ తమ్మీ. ఎండల ఉరికినవ్," అన్నాడు. "ఏమన్న తిన్నవా?"

తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం కౌంటరు తెరవడానికి రెండు గంటల ముందే ఆ షట్టరు ముందు నిలబడ్డాను. మామ మంగళవారం ఊరు చేరాడు.

రెండేళ్ళకు సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు మామ ఊరికి పోయాను. మామ భార్య వాకిట్లో చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది. పేరు చెప్పగానే ఆమె ముఖంలో నవ్వు కదిలింది.

"నువ్వేనా బస్సుల పిలగానివి? మీ మామ ఫోన్ల నీ ముచ్చట జెప్పుకుంట ఒకటే నవ్వుడు."

ఆ నవ్వు ముందు కూర్చుని చెప్పడం, అనుకున్నదానికంటే పదిరెట్లు కష్టమైంది. "అత్తా, ఆ దినం ట్రాఫిక్ గాదు. కొత్త బస్సు ఎక్కాల్నని ఆగిన. నా వల్లనే ఆలిశమైంది."

ఆమె వేళ్ళు ఆగలేదు. ఆకు మడిచి, దారం చుట్టి, ఇంకో ఆకు తీసుకుంది.

"ఐతారం, సోమారం కూడ చుట్టాలు గిక్కడనే కూసున్నరు. పొయ్యి ముట్టియ్యలే. మా చిన్న బిడ్డ ఏ బండి సప్పుడైనా తొవ్వ మీదికి ఉరికింది." దారం తెంపి అడిగింది. "నాకెందుకు జెప్పినవ్ గిది?"

కింద పడ్డ ఆకు ఒకటి తీసి చాటలో వేశాను.

"నీ కడుపుల బరువు దించుకున్నవ్. మంచిది." చాట పక్కకు పెట్టి లేచి, లోపలికి పోయి చాయ్ తెచ్చింది. నేను తాగేదాకా నిలబడింది. తర్వాత గ్లాసు అందుకుంటూ, "నాలుగు గంటల బస్సు అచ్చే యాళ్ళయింది. గిదన్న అందుకో, పో," అంది.

అది క్షమించడమో, చెంపదెబ్బో ఇప్పటికీ తెలియదు. రోడ్డు మీదికి పరుగెత్తి, వచ్చిన డొక్కు బస్సెక్కి, కిటికీలోంచి చూశాను. ఆమె మళ్ళీ చాట ముందు కూర్చుంది. తల ఎత్తలేదు. బస్సు కదిలింది. కళ్ళు తుడుచుకుంటూనే, ఎంత వద్దనుకున్నా, గేరు మారిన చప్పుడుకు నా చెవి దానంతటదే నిక్కింది. ఈ బండికి పదేళ్ళు దాటి ఉంటాయి, క్లచ్ ఎక్కువ రోజులు ఆగదు అని మనసులో రాసుకున్నాను కూడా. సిగ్గేసింది. వెంటనే చిన్నగా నవ్వూ వచ్చింది. ఈ పిచ్చోణ్ణి ఎవరూ ఏమీ చెయ్యలేరు.