కుండ కింద జతగింజలు

వాగొడ్డున నాకు దక్కాల్సిన ఇంటి జాగాను పక్క చేను బావ మోసంతో చెడగొట్టాడు.

బస్తర్ రాజ్యం రోజుల్లో, భోపాల్‌పట్నం దగ్గర మా ఊళ్లో ఇల్లు కట్టే ముందు ఆ నేలనే అడిగేవాళ్లం. పొద్దుగూకగానే బియ్యపు గింజలు జతలుగా పేర్చి, మీద కుండ బోర్లించాలి. తెల్లారేసరికి జతలు విడిపోతే నేల మనల్ని వద్దన్నట్టే.

మూడు రోజులు పేర్చాను. మూడు రోజులూ విడిపోయాయి. రెండో రోజు నుంచి కుండ చుట్టూ బూడిద చల్లాను. తెల్లారి చూస్తే దాని మీద చీమ నడిచిన గీత కూడా లేదు. బావే మళ్లీ చల్లి సాపు చేసి ఉంటాడనుకున్నాను. ఆ జాగా మీద అతడికి ఎప్పటి నుంచో కన్ను.

మేము రాళ్ల గుట్ట మీద ఇల్లు కట్టుకున్నాం. నా భార్య నడుము వంగేదాకా కింది నుంచి నీళ్లు మోసింది. బావ మాత్రం వాగొడ్డున గుడిసె వేయలేదు, దూడనైనా కట్టలేదు.

ఇద్దరమూ ముసలివాళ్లమయ్యాక, అతడి అరుగు మీదే కూర్చుని అడిగాను.

"ఏంది బావా, నా గింజలు కదిలిచ్చి ఏం బావుకున్నవ్?"

అతడు వాగు వైపు చూడకుండా చెప్పాడు.

"మొదటి దినం కదిలిచ్చింది నేనే బావా. కడమ రెండు దినాలు నేను ఆ దిక్కే పోలే. అందుకే ఆడ నేను గూడ ఇల్లు కట్టలే."