రోడ్డు మీద నిమ్మకాయలు పెట్టిన బాలమ్మక్క

నిన్న పొద్దుగాల ఫోనొచ్చింది. "బాలమ్మక్క పోయింది."

నా నోట్లకెళ్లి వచ్చిన మొదటి మాట, "ఏడ గుద్దింది?"

ఏ బండీ గుద్దలేదు. ఇంట్లనే, నిద్రల, గుండె ఆగింది.

చావు అనంగనే రోడ్డే యాదికొచ్చే టౌన్ల బతుకుతున్నం మనం.

తెల్వనోళ్లకు చెప్త. అక్క కల్వకుర్తి దిక్కు నుంచి వచ్చి మా బస్తీల కిరాయికి ఉంటుండె. రోడ్డు అవతల మందుల కంపెనీ క్యాంటీన్ల పని. సైకిల్ మీద పోయేది. కంపెనీ బస్సు పర్మినెంట్ స్టాఫ్‌కే. కాంట్రాక్టోళ్లు మనుషులు కాదు గదా!

నాలుగు లైన్ల రోడ్డేసిన్రు. మా బస్తీ ముందర డివైడర్‌ల ఒక్క ఇరుకు సందు ఇడిచిన్రు. తెల్ల గీతల్లేవు, స్పీడ్ బ్రేకర్ లేదు. ఫుట్‌పాత్ మీద కార్లు పండుకుంటయి.

డెవలప్‌మెంట్ అంటరు. ఎవరిది? కారు లేనోడు ఈ ఊరోడు కాదా?

అర్జీలు పెట్టినం. రాసింది నేనే, గట్టిగ అరిచింది నేనే. ఏం కాలే.

ఒకరోజు పొద్దున చూస్తే, ఆ సందు ముందర కోసిన నిమ్మకాయలు రోడ్డుకు అడ్డంగ పెట్టి ఉన్నయి, మీద కుంకుమ. కార్లు బ్రేకేసి, చూసి చూసి పక్కకెళ్లి పోతున్నయి. షిఫ్టుకు పోయే ఆడోళ్లు, బడి పిల్లలు ఆరాంగ దాటుతున్నరు.

పెట్టింది అక్కనే అని తెల్వంగనే నాకు బీపీ లేచింది. మూఢనమ్మకాలొద్దని ఊరూరా తిరిగి చెప్పెటోణ్ని నేను.

"అక్కా, ఏందిది? నువ్వు గూడ మంత్రాలు షురూ చేసినవా?"

"మంత్రం గాదు తమ్మీ, బ్రేకు. మనిషిని చూసి ఆగుతలేరు. నిమ్మకాయను చూసి ఆగుతున్రు. నేనేం జెయ్యాలె?"

"గిట్లయితే జనం ఎప్పుడు మారుతరు?"

"నువ్వు మార్పియ్యి. అందాక నేను సైకిల్ దాటిస్త. గంత సైన్సోనివైతే, గా నిమ్మకాయ మీదికెళ్లి పో సూద్దాం!"

బండి స్టార్ట్ చేసిన.

పక్కకెళ్లి పోయిన.

టైరు జారుతదని. నమ్మున్రి. వెనక అక్క నవ్వు మాత్రం చానా దూరం వినొచ్చింది.

నా మాట తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. నిమ్మకాయ సర్కారు చేయాల్సిన పని చెయ్యదు. అది ఆమెకూ తెలుసు. అందుకే డ్యూటీ దిగి నాతోని రోడ్ల ఆఫీసుకొచ్చేది. అక్కడ ఒక సారు, "పైన బ్రిడ్జి కడతమమ్మా" అంటే, "ఎక్కనీకి మోకాళ్లెవరిస్తరు సార్? కింద గీతలు గియ్యిన్రి, సైకిల్‌కు ఇంత దారియ్యిన్రి. ఎక్కుడు దిగుడు మాకేనా?" అన్నది. నా పది పేజీల అర్జీ ఆ ఒక్క మాట ముందర దండగ.

నిన్న సాయంత్రం అక్కను తీస్కపోయినం. బొందలగడ్డ గూడ రోడ్డు అవతలే. పాడె ఆ సందు కాడికి రాంగనే, బండ్లను ఆపుదామని నేను ముందుకురికిన. అవసరం పడలే.

లారీ ఆగింది. బస్సు ఆగింది. ఒకాయన కారు దిగి, చెప్పులిడిచి దండం పెట్టిండు. ఒక్క హారన్ లేదు.

అంటే ఆగొచ్చు. బ్రేకులన్నీ మంచిగనే ఉన్నయి.

ఇన్నేండ్లు సైకిల్ పట్టుకొని నిలబడ్డ మనిషికి, చచ్చినంక దారిచ్చిన్రు. ఆ మర్యాద బతికున్నోళ్లకు ఇయ్యమనే అడుగుతున్న. సోమవారం అదే అర్జీ పట్టుకొని మళ్ల పోతున్న. వచ్చెటోళ్లు నడిచి రాన్రి.

చచ్చినంక ఏదో ఉంటదని నేను నమ్మను. అయినా అంటున్న.

ఉరుకుడు అయిపోయింది అక్కా. ఇగ సల్లగ పండుకో.