బోరు వీధిలో వార్డు హద్దు

బుధవారం సాయంత్రం. హాజరైనవారు: మండలాఫీసు నుంచి వచ్చిన సారు, వార్డు మెంబరు, కొత్తగా చేరిన గుమస్తాను నేను, బోరు వీధి జనం.

ఆ రోజుల్లో ప్రభుత్వం గీసిన గీతకు తిరుగు లేదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. మొన్న నేనిప్పుడు ఉంటున్న ఖానాపురం హవేలి పేటలో కొత్త వార్డుల హద్దులపై అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసు అంటిస్తే, మణుగూరు అడవి వైపు పల్లెలో జరిగిన ఆ విచారణ గుర్తొచ్చి పాత డైరీ తీశాను. మ్యాపు చూపిస్తే జనానికి అర్థం కాదని, హద్దును నేలమీదే సున్నంతో గీయమన్నాడు సారు. నేను తాడు కట్టి, నడుము పట్టేసేదాకా వంగి, వీధికి నట్టనడుమ ఈ చివర నుంచి ఆ చివరిదాకా గీశాను. (నా చేతిరాత కూడా అంత తిన్నగా ఉండదు.)

జనం గీతను చూసి నిర్ఘాంతపోయారు. వీధిలో ఉన్న ఒకే ఒక్క చేతిబోరును కనిపెట్టుకుని ఉండే ముసలామె, అందరూ బోరవ్వ అంటారు, ముందుకొచ్చింది.

"ఏంది సారూ, మా వాకిట్ల గీ సున్నం?"

"ఇటు ఐదో వార్డు, అటు ఆరో వార్డు అవ్వా. ఓట్ల కోసమే."

"బోరు అటు పోయింది గద! ఖరాబైతే ఇటోళ్లకు ఎవలు చేపిస్తరు? మల్ల వాగునీళ్లేనా మా పోరగాళ్లకు?"

"బోరు అందరిదీ అవ్వా," అన్నాడు మెంబరు.

"నీ వార్డుల ఉంటేనే పదిసార్లు పిలిస్తే గాని రావు. రేపు వేరే వార్డంటే మా మొఖం చూస్తవా?"

జనం గొల్లున నవ్వారు. పొద్దున వచ్చి గీత వెంట నడిచి చూసి తేలుస్తానని సారు లేచాడు.

మర్నాడు పొద్దున వీధి మొదట్లోనే సారు కాళ్లు ఆగిపోయాయి. గీత లేదు! వీధంతా ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ఈ గడప నుంచి ఎదురింటి గడపదాకా ముగ్గులు పరిచేశారు.

"ప్రభుత్వ హద్దును చెరిపిందెవరు?" అని అరిచాడు సారు.

చీపురు పట్టుకునే వచ్చింది బోరవ్వ. "హద్దేంది సారూ? వాకిలి ఊడ్సినం. తెల్లారితే మీ ఇంట్ల ఊడ్వరా?"

ఊడ్వరని ఏ అధికారి మాత్రం ఎలా అంటాడు? ముగ్గు తొక్కడానికి ఆయనకు మనసొప్పలేదు. గోడలకు వీపు ఆనించి, పక్కపక్కకు అడుగులేస్తూ వీధంతా దాటాడు. వెనక నేను, నా వెనక మెంబరు. (పీతల ఊరేగింపులా ఉందని ఎవరో అన్నారు.) వీధి చివర అడ్డంగా పారే వాగు దగ్గర సారు ఆగి, నావైపు తిరిగాడు.

"హద్దు ఇక్కడికి మార్చవయ్యా. వీధంతా ఒకటే వార్డు. వాగునైతే ఎవరూ ఊడ్వలేరు."

తాడు చుట్టుకుంటున్న నా దగ్గరకొచ్చి బోరవ్వ మెల్లగా అంది: "గీత మాత్రం సక్కగ గీసినవ్ బిడ్డా. ఊడ్వబుద్ధి కాలే."

ఉద్యోగమంతా వెతికినా, నా పనికి అంతటి మెప్పు మళ్లీ దొరకలేదు. ఆమెకో మంచిమాట చెప్పాల్సింది. ఆ కుర్ర గుమస్తాకు, పాపం, ముగ్గు తొక్కకుండా వెనక్కి నడవడానికే సరిపోయింది.